బిగువు ఎక్కువైన తుపాకీ

మంచి వడ్రంగినన్న గర్వం నాకు చిన్నప్పటినుంచీ ఉంది. ఆ గర్వమే నా కొంప ముంచింది.

డెబ్బైల నాటి సంగతి. మాది కరీంనగర్ వైపు పల్లె. ఒమాన్‌లో, బహ్లాలో ఇళ్ళు కట్టించే ఒకాయన దగ్గర తలుపులూ కిటికీలూ చేసేవాణ్ణి. యజమానిని అక్కడ అర్బాబు అంటారు. మా అందరి పాస్‌పోర్టులూ ఆయన పెట్టెలోనే ఉండేవి. ఒకరోజు ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. మూడేళ్ళ కొడుక్కి జ్వరం వచ్చి తగ్గిందనీ, తగ్గాక ఎడమ కాలు నిలవడం లేదనీ, వెంటనే రమ్మనీ నా భార్య రాయించింది. అది నా చేతికందేసరికే ఇరవై రోజులు దాటాయి. అన్నం నోటికి పోలేదు.

వెళ్ళి సెలవు అడిగాను. అర్బాబు కరాచీలో కొన్నేళ్ళు వ్యాపారం చేసినవాడు, ఉర్దూ బాగా మాట్లాడతాడు. అంతా విని, లోపల్నుంచి వాళ్ళ నాన్న వేట తుపాకీ తెచ్చి నా ముందు పెట్టాడు. గొట్టం కింది కొయ్య నిలువునా చీలి ఉంది.

"దీన్ని బాగుచెయ్యి. మా నాన్న చేతిలో కొట్టినట్టు గురి కొడితే, ఆ రోజే నీ పాస్‌పోర్ట్ ఇచ్చేస్తాను," అన్నాడు.

పాత తలుపు టేకుతో మూడు రోజుల్లో కొత్త కొయ్య చేశాను. మాది ఎడ్లబండ్లు చేసే ఇల్లు. అతుకులో నూలుపోగు దూరితే మా నాన్న నెత్తిన మొట్టేవాడు. ఆ అలవాటుతోనే గొట్టాన్ని కొయ్యలో బిగించి, చూసుకుని నేనే మురిసిపోయాను.

శుక్రవారం పొద్దున, ఊళ్ళో మగవాళ్ళు గురి చూసుకునే ఎండిన వాగుకు వెళ్ళాం. జీపు నడిపే కడప సాయిబు కూడా ఉన్నాడు. నూరంగల దూరాన పలక నిలబెట్టి బొగ్గుతో సున్నా గీశాం. అర్బాబు పేల్చిన మొదటి గుండు సున్నా నడుమ పడింది. ప్రాణం లేచొచ్చింది. రెండోది ఎడమకు జరిగింది. మూడోది ఇంకా ఎడమకు. అయిదోది పలకకే తగల్లేదు.

"ఏమన్నా, పనిమంతుడు పందిరేస్తే కుక్క తోక తగిలి కూలిందంట, అట్లుండాదే నీ పని," అన్నాడు సాయిబు. వాడి గొంతు పిసకాలనిపించింది.

అర్బాబు తుపాకీని ఒళ్ళో పెట్టుకుని గొట్టం మూతిలోకి చూశాడు. "గొట్టం అరిగిపోయింది. నీ తప్పేం లేదు," అన్నాడు. పాస్‌పోర్ట్ మాట ఎత్తలేదు. తుపాకీ అందుకోబోతే గొట్టం చేతికి చురుక్కుమంది. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకు. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే ముందు మంటలో కాలుస్తాం, కాలితే ఇనుము సాగుతుంది కనుక. ఆ సంగతి తెలిసిన ఇంట్లో పుట్టి, ఇనుముకు సాగే చోటు లేకుండా బిగించాను! వేడెక్కిన గొట్టాన్ని నా కొయ్యే పక్కకు నెడుతోంది. తప్పు నాదేనని ఆయనకు చెప్పేశాను.

అక్కడే మరలు విప్పి, సీసా పెంకుతో కొయ్య లోపల గీకాను. సందు చూడటానికి కాగితం కావాలి. జేబులో ఉన్నది ఇంటి ఉత్తరమే. గొట్టానికీ కొయ్యకీ మధ్య అది అడ్డం లేకుండా జారేదాకా గీకాను. వేళ్ళు తెగినా ఆపలేదు.

ఈసారి అయిదుకు అయిదూ అరచెయ్యంత చోటులో పడ్డాయి. అర్బాబు నన్ను కావలించుకుని ఏడ్చాడు.

"నీలాంటి పనివాడు ఈ చుట్టుపక్కల లేడు. మా చిన్నాన్నలవి ఇంకా నాలుగు తుపాకులున్నాయి. అవి అయ్యాక వెళ్దువు," అన్నాడు.

సాయిబు చెయ్యి పట్టుకున్నాను. "నువ్వన్న చెప్పు భాయ్, నా కొడుకు కాలు పోతున్నది."

"చెప్తాండా కదన్నా," అంటూ వాడు పాపం నిజంగానే బతిమాలాడు. అర్బాబు నా భుజం తట్టి ఇన్షాల్లా అన్నాడు.

ఒక్కో తుపాకీ ఒక్కో ఊరి నుంచి రావాలి. నాలుగింటికీ నాలుగు నెలలు పట్టాయి. చెడ్డ పనివాణ్ణయితే ఆ వారమే పంపేసేవాడేమోనని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంటికి చేరిన పొద్దున కొడుకు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "నాయినా, సూడు, నేను ఉరుకుత," అన్నాడు. ఎడమ మోకాలి మీద చెయ్యి ఆనించి, వంగి, వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళాడు.