అమ్మమ్మ పక్కన కెమెరా

మా మేనత్తను అందరూ చుక్కలావిడ అంటారు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. పాతవాళ్లేమో, ఫొటో స్టూడియోలో పద్దెనిమిదేళ్లు కూర్చుని, సన్న కుంచెతో చుక్క మీద చుక్క పెడుతూ జనం మొహాల మీది మచ్చలన్నీ మాయం చేసింది కాబట్టి అంటారు. పాత ఫొటోల సంఘం వాళ్లేమో, తప్పు రాసినవాళ్లకు పట్టపగలే చుక్కలు చూపిస్తుంది కాబట్టి అంటారు. నా ఓటు రెండోదానికే. ఆవిడ నడిపే పత్రికను టైపు చేసే ఖర్మ నాదే మరి.

ఆ సంఘంలో ముప్ఫైమంది ఉంటారు. ప్రతి నెలా రెండో ఆదివారం మధ్యాహ్నం, స్టేషనరీ కొట్టు పైనున్న హాల్లో చేరి, ఎవరో ఎప్పుడో తీసిన ఫొటోల గురించి తగువులాడుకుంటారు. పళ్ల డాక్టరొకాయన గాజుపలకల నెగెటివులు దాస్తాడు. స్టాండు గారని ఇంకొకాయన ఉన్నాడు. కెమెరాలు ఆయనకు అక్కర్లేదు, వాటి కింద ఉండే మూడుకాళ్ల స్టాండ్లు మాత్రమే కావాలి. వాళ్లింటికి వెళితే కూర్చోవడానికి కుర్చీ దొరకదు గానీ, చెయ్యి ఆనించుకోవడానికి డెబ్బై స్టాండ్లు దొరుకుతాయి.

ఆ నెలలో ఎవరు ఎక్కడ ఏ ఆల్బమ్ ప్రదర్శిస్తున్నారు, ఎవరింటి అటకమీద ఏ కెమెరా బయటపడింది, ఎవరు ప్రసంగిస్తారు, ఎవరు కాలం చేశారు, ఇవన్నీ రెండు కాగితాల మీద అచ్చువేసి పంచడం అత్తయ్య పని. అబద్ధం ఆవిడ కలంలోంచి రాదు. "గత నెల ప్రసంగానికి పదకొండుమంది వచ్చారు, ఇద్దరు నిద్రపోయారు" అని అచ్చువేసిన మనిషి. పైగా ఒక నియమం పెట్టింది. తప్పు ఎంత పెద్ద అక్షరాల్లో అచ్చయితే, సవరణ కూడా అంత పెద్ద అక్షరాల్లోనే, మొదటి పేజీలోనే రావాలి. ఆరేళ్ల కిందట స్టాండు గారు ఒక స్టాండు వయసు మూడేళ్లు ఎక్కువ రాశాడు. తర్వాతి నెల మొదటి పేజీ అంతా ఆ మూడేళ్లే. అప్పట్నుంచి ఆయన అత్తయ్యతో నమస్కారం దాటి మాట్లాడలేదు.

ఆ హాల్లో ఒక గోడ నిండా, ఊళ్లో తొలినాళ్లలో ఫొటోలు తీసిన పదకొండుమంది పెద్దల పటాలున్నాయి. పదకొండు పటాలు, పదకొండు జతల మీసాలు. అత్తయ్య ప్రతి ఆదివారమూ ఆ గోడ ముందు నిలబడి మూతి తిప్పేది.

"మొహాలు దిద్దిందేమో మేము, గోడెక్కిందేమో వీళ్లూనూ. ఒక్క ఆడమనిషైనా ఫొటోలు తియ్యకుండా ఉంటుందటే?" అనేది నాతో. వెటకారంగానే అనేది గానీ, అది ఆవిడకు నిజంగానే బాధ. నాకు తెలుసు.

అలాంటి మనిషికి, పాత కాగితాల కొట్టులో ఒక ఫొటో దొరికింది. పోస్టుకార్డంత ఉంటుంది. కుర్చీలో ఒకావిడ బిర్రబిగుసుకుని కూర్చుంది. పక్కనే మనిషెత్తు స్టాండు మీద పెద్ద చెక్క కెమెరా. ఆవిడ చెయ్యి కెమెరా వైపే ఉంది. అత్తయ్య మూడు వారాలు భూతద్దం దించలేదు. కుర్చీ చెక్కడం, జాకెట్టు చేతులు, వెనకున్న తెర, అన్నీ చూసి వందేళ్ల కిందటిదని తేల్చింది. వెనక పెన్సిలుతో రాసిన ఇంటి నంబరు పట్టుకుని ఆ కుటుంబం ఆచూకీ కూడా తీసింది. ఫోనెత్తిన మునిమనవరాలు తబ్బిబ్బయింది.

పత్రికలో పెద్ద అక్షరాల్లో వేయమంది: "మన ఊరి మొదటి మహిళా ఫొటోగ్రాఫర్ దొరికింది!" ఆశ్చర్యార్థకం చూసి నేనే ఆశ్చర్యపోయాను. పెళ్లి శుభలేఖలో కూడా దాన్ని తీయించేసిన మనిషి!

"అత్తయ్యా, ఇంకొకరికి కూడా చూపిద్దామా?" అన్నాను.

"నా కన్ను చాలదంటావా?" అంది. ఉన్నదున్నట్టు టైపు చేశాను.

ఆదివారం హాలు కిటకిటలాడింది. డెబ్బైమంది వచ్చారు. మునిమనవరాలు తన పిల్లల్నీ, వినికిడి తగ్గిన వాళ్ల నాన్ననూ వెంటబెట్టుకొచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆయన ఎనభై ఏళ్ల బస్సు కండక్టరు, ఎప్పుడో రిటైరయ్యాడు. ఫొటోలో ఉన్నది ఆయన అమ్మమ్మే. ఆవిడకేదో సన్మానమని మాత్రం చెప్పి తీసుకొచ్చారట. తలుపంత సైజుకు పెంచిన ఫొటో అచ్చుకొట్టునుంచి అప్పుడే వచ్చింది. గుడ్డ కప్పి, కింద ఒక అట్ట అంటించి, దాని మీద "మన ఊరి మొదటి మహిళా ఫొటోగ్రాఫర్" అని నేనే రాసి పెట్టాను.

ఆ ఏడాది అధ్యక్షుడు స్టాండు గారే. ఆయన మొహం గంటు పెట్టుకునే గుడ్డ లాగాడు. చప్పట్లు మోగాయి. అత్తయ్య మైకు పట్టుకుని, "వందేళ్ల కిందట..." అని మొదలుపెట్టి ఫొటో వైపు తిరిగింది. అక్కడే ఆగిపోయింది.

కళ్లజోడు సర్దుకుంది. ఫొటోకు జానెడు దూరంలో మొహం పెట్టింది. తర్వాత మైకు దించి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒసేయ్, ఈ కెమెరా నేను వేసిందే."

"వేయడమేంటి?"

"బొమ్మ వేశానే! మడతలు మడతలుగా ఉందే, ఆ తోలు తిత్తికి అతుకు చూడు. మా స్టూడియో కెమెరాకు చిల్లు పడితే సైకిల్ ట్యూబు ముక్క నేనే అంటించాను. దాన్ని కూడా వదల్లేదు, చూడు, వేసి పెట్టాను. ఈ పాత ఫొటో మా దగ్గరికి చిరిగి వచ్చింది. అతికించి, ఖాళీ నింపి, మళ్లీ ఫొటో తీశాం. రోజుకు పది మొహాలు దిద్దేదాన్ని, ఏది గుర్తుంటుంది?"

చిన్న ఫొటోలో ఆ అతుకు చీమ తలకాయంత. ఇప్పుడేమో అరచెయ్యంత. ఊళ్లో ఎవరి పొరపాటైనా ఇట్టే పట్టే మనిషి, తన చేతిపని దగ్గరే పప్పులో కాలేసింది. నవ్వు రావలసిన మాటే. కానీ ఆవిడ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. పత్రిక నడుపుతున్న ఇరవై రెండేళ్లుగా ఆవిడకున్న ఆస్తల్లా, చుక్కలావిడ చెబితే నిజమే అన్న పేరొక్కటే. అది పోవడానికి అర నిమిషం చాలు.

"ఇప్పుడు అనకు అత్తయ్యా. వచ్చే నెల సవరణ వేద్దాం, మొదటి పేజీలోనే" అని చెవిలో గొణిగాను.

"అందరూ ఇక్కడే ఉన్నారు కదే. వచ్చే నెలదాకా వీళ్లు అబద్ధం మోసుకు తిరగాలా?" అంది. మైకు తీసుకుంది. ఒక్క ముక్క దాచలేదు. చిరిగిన ఫొటో, కుంచె, సైకిల్ ట్యూబు, అన్నీ వరసగా చెప్పేసింది.

"ఆడమనిషి దొరకాలని నాకు ఎంత ఆశగా ఉందో మీకు తెలీదు. ఆ ఆశతోనే చూశాను. అందుకే నా కుంచె నాకే కనపడలేదు. తప్పు నాదే" అని ముగించింది.

మునిమనవరాలి కళ్లు నేలమీదికి వాలాయి. స్టాండు గారు లేచాడు. ఆరేళ్ల బాకీ తీర్చుకుంటాడనే అనుకున్నాను. ఆయన ఫొటో దాకా వెళ్లి, కెమెరా కాళ్ల దగ్గర వంగి చూసి, "నేను స్టాండు వల్లే నమ్మాను. కీలు కూడా తప్పు లేకుండా వేశారు" అన్నాడు. అత్తయ్య వైపు తిరిగి, "సరే, మరి ఇక్కడ అసలేముండేది?" అన్నాడు.

"తెలీదండీ. చిరిగిపోయే వచ్చింది. ఏదో ఒకటి నింపెయ్ అన్నాడు ఓనరు. తలెత్తితే ఎదురుగా కెమెరా కనపడింది."

ముందు వరసలో పెద్దాయన చెవి దగ్గర మునిమనవరాలు ఇదంతా గట్టిగా అరిచి చెప్పింది. ఆయన మొహం విప్పారింది.

"అక్కడా? మా తాతయ్య ఉండేవాడు!" అన్నాడు, బస్సులో స్టాపు పేరు అరిచినట్టు. "చిరగడమేంటండీ, మా అమ్మమ్మే చింపింది. ఆయన పోయిన మూడో నెల్లో. కత్తెర కూడా అడగలేదు, చేత్తోనే. ఎందుకని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. స్టూడియోకి తీసుకెళ్లింది నేనే. ఖాళీలో ఏదైనా పెట్టండి బాబూ, మనిషిని మాత్రం పెట్టకండి అని చెప్పి వచ్చాను."

ఎవరో ఆపుకోలేక నవ్వారు. ఆ తర్వాత హాలంతా నవ్వింది. మునిమనవరాలు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"మరి మీ అమ్మమ్మ చూశారా? ఏమన్నారు?" అని అడిగింది అత్తయ్య. మైకు పక్కన పెట్టేసింది.

"చాలాసేపు చూసింది. ఇది మేలురా, నోరు లేదు, అంది. పోయేదాకా మంచం పక్కనే పెట్టుకుంది. మా తాతయ్యతో ఉన్నన్నాళ్లూ ఆవిడ నవ్వగా నేను చూడలేదు. ఆ కెమెరాను చూసి నవ్వేది."

అత్తయ్య అక్కడే బల్ల మీద కూర్చుండిపోయింది. ఈసారి ఏడ్చింది, అందరి ముందూ, దాచుకోకుండా.

టీలు వచ్చాయి. జనం లేచి గుంపులు గుంపులుగా ఫొటో ముందు చేరి, ఫొటో ఎక్కడ ఆగి కుంచె ఎక్కడ మొదలైందో వెతకడం మొదలుపెట్టారు. ఎవరికీ దొరకలేదు. అత్తయ్య నేను రాసిన అట్ట ఊడదీసి, వెనక్కి తిప్పి, స్టాండు గారి పెన్ను అడిగి రాయడం మొదలుపెట్టింది. కుర్చీలో ఉన్నది ఎవరో రాసింది. పక్కనున్న మనిషిని చింపింది ఆవిడే అని రాసింది. ఫొటో తీసినవారు తెలియదు అని రాసింది. అక్కడ ఆగింది.

"మరి కెమెరా?" అన్నాడు స్టాండు గారు.

"స్టూడియోలో వేశారు అని రాస్తాను లెండి."

"స్టూడియోకి చేతులుంటాయా అండీ?"

అత్తయ్య ఆయన మొహంలోకి చూసింది. ఎగతాళి కాదని తెలిశాక పెన్ను వైపు చూసింది. పద్దెనిమిదేళ్లు, వేల మొహాలు. ప్రతి ఫొటో కవరు మీదా ఓనరు రబ్బరుముద్రే పడేది. దిద్దినట్టు తెలియకపోవడమే ఆ పనిలో గొప్పతనం కాబట్టి, దిద్దినవాళ్లు ఎవరని ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పుకోలేదు.

వంగి, నెమ్మదిగా, ఇంటిపేరుతో సహా తన పేరు రాసింది. తర్వాత అట్టను నా ముందు పెట్టి, "తప్పేం లేదుగా, సరిగ్గా చూడు" అంది.

రెండుసార్లు చదివాను. లేదన్నాను.