రన్‌కి ఐదో అర్థం

ఇది ఒక మహాకావ్యం. ఇందులో పాతాళం ఉంది, బంగారం ఉంది, గురుశిష్యులున్నారు, చివర్లో వనవాసం కూడా ఉంది.

నిజానికి ఇది నేను పదో తరగతి ఇంగ్లీషు సప్లిమెంటరీ రాసిన సంగతి. వనవాసమంటే గౌనిపల్లిలో మా మేనమామ మల్బరీ తోట. ఈసారి కూడా తప్పితే పట్టుపురుగుల్ని మేపడానికి అక్కడికి పంపుతానని మా నాన్న కిరాణా అంగట్లో, గిరాకీల ముందే ప్రకటించాడు.

తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుండేది: 'రన్' అనే క్రియను ఐదు అర్థాల్లో వాడి ఐదు వాక్యాలు రాయండి. వాక్యానికో మార్కు. అది నేర్పే భారం మా అంగడి వెనక లైనులో, గనివాళ్ళ ఇళ్ళ వరసలో ఉండే ఒక తాత తీసుకున్నాడు. చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో మనుషుల్ని కిందికి దించే కేజ్, అంటే ఇనప బోను లాంటి లిఫ్టు, నడిపినవాడు. గంట మోగితేనే మీట కదపాలి. అది ఆయన ఉద్యోగమే కాదు, మతం కూడా. గని మూతపడ్డాక కదపడానికి నేను దొరికాను.

"చూడనిది రాయొద్దప్పా. కండ్లతో చూడు, ఆపైన రాయి," అన్నాడు.

మొదటి అర్థం పరుగు. లైనులో పడుకున్న కుక్క మీదికి చిన్న రాయి విసిరాడు. అది లేవలేదు. ఇంకోటి విసిరాడు. లేచింది, మా వెంట పడింది. మలుపు దాటాక రొప్పుతూ, "రాసుకో," అన్నాడు.

రెండోది కొళాయి. దానికోసం మూడు రోజులు కాచుకున్నాం. నీళ్ళొచ్చాక తాత ఎవరినీ బిందె పెట్టనివ్వలేదు. "కారనీండమ్మా, వాడు చూడాల!"

"వాడు చూసేదానికి మా నీళ్ళే దొరికినాయా? మీ ఇంట్లో కన్నీళ్ళు లేవా?" అంది ఎదురింటి అత్త.

మూడు, నాలుగు మా అంగట్లోనే దొరికాయి. మిరప్పొడి మూట విప్పగానే నా ముక్కు కారింది. తాత దాన్ని దగ్గరికొచ్చి మరీ పరీక్షించి, నాన్న వైపు తిరిగాడు. "అంగడి బాగా నడస్తా ఉండాదా?"

"నడస్తా ఉండాది. మీరిద్దరూ వాకిట్లోంచి జరిగితే ఇంగా బాగా నడస్తాది."

ఐదోదానికి గని దగ్గరికి తీసుకెళ్ళాడు. గని యంత్రం నడుస్తుంది అనేదే చివరి వాక్యం. పైన కేజ్ తాడు లాగే పెద్ద చక్రం కదలడం లేదు. దానిమీద ఒక కాకి కూర్చుని ఉంది. తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"ఏమైంది తాతా?"

"గంట రాలేదప్పా."

"ఊరికే రాసేస్తాను. పేపర్లు దిద్దేవాళ్ళు యాడనుంచో వచ్చి చూస్తారా?"

"సర్వీసంతా గంట లేకుండా ఒక్క మనిషినీ కిందికి దించలేదు. నీకోసం అబద్ధం దించల్నా?"

కాకి ఎగిరిపోయింది. మేమూ టీకి వెళ్ళాం.

పరీక్షలో ప్రశ్న వచ్చింది. నాలుగు వాక్యాలు కుక్క వేగంతో రాశాను. ఐదో అంకె వేసి, పక్కన పెన్ను పెట్టాను. ఆ చక్రం, ఆ చెయ్యి, ఆ చెవి కనబడ్డాయి తప్ప ఒక్క మాట రాలేదు. ఖాళీగా వదిలేశాను. బస్సు నడుస్తుంది అని రాయొచ్చు కదా అంటారు. రాయొచ్చు. అది నాకు ఇంటికొచ్చే బస్సులో కూర్చున్నాక తట్టింది.

ముప్పై నాలుగు వచ్చాయి. ముప్పై అయిదు రావాలి.

తాతకి చెప్పాను. "రాసిన నాలుగూ కరెక్టేనా?"

"కరెక్టే."

"అయితే ఇంగేమప్పా! ఒక్క యాక్సిడెంటూ లేదు."

మరుసటి సోమవారం నాన్న నన్ను గౌనిపల్లి బస్సెక్కించాడు. అది బాగానే నడిచింది. మామ నా చేతికి గంప ఇచ్చి ఒకే పాఠం చెప్పాడు: పురుగులకి తడి ఆకు వేయకూడదు, ముందు ఆరబెట్టాలి. గంట కోసం తాత కాచుకున్నట్టు, ఆకు ఆరేదాకా నేను కాచుకున్నాను.