కెమెరా గుటక వేసేలోపు

మా ఇంట్లో నా గురించి ప్రస్తుతం నడుస్తున్న మాట ఇది: నేను తీసిన ఫోటో గోడకెక్కాలని పంతం పట్టానట. మా మేనత్త పోయి వారం దాటింది. ఆ ఉదయం సంగారెడ్డి బస్టాండులో పటాన్‌చెరు బస్సు కోసం నిలబడి ఉంటే నాన్న ఫోన్ చేశాడు. "మీ అత్తమ్మ లేదు బిడ్డా. షాపు తియ్యాలె అని లేచి కూసున్నదట, గట్లనే ఒరిగింది" అన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కాను, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్టు తీసుకున్నాను. ఆ మాట నా లోపలికి దిగడానికి మాత్రం ఇస్నాపూర్ దాటాల్సి వచ్చింది.

రేపు దినాలు. అత్తమ్మ ఫోటోకు దండ వేస్తారు. ఏ ఫోటోకు అన్నదే తగువు. బావ, అంటే అత్తమ్మ కొడుకు, ఆమె ఆధార్ కార్డు ఫోటోను పెద్దది చేయించాడు. వెనక నీలం మబ్బులు పెట్టించి, ముఖం తెల్లగా చేయించి తెచ్చాడు. అది వద్దు, నా దగ్గర ఒకటుంది అన్నాను. "నువ్వు తీసినవని గొప్ప. గంతే గదా?" అన్నాడు నాన్న. చెల్లెల్ని పోగొట్టుకున్న మనిషితో వాదించబుద్ధి కాలేదు. ఎందుకు వద్దన్నానో ఇక్కడ చెబుతాను.

అత్తమ్మకు పటాన్‌చెరులో, ఫ్యాక్టరీల వైపు తిరిగే రోడ్డు మీద చిన్న ఫోటో షాపు ఉండేది. ఒక పక్క టీ బండి, ఇంకో పక్క టైర్ల షాపు. మామ పోయాక ఆమే నడిపింది. పుట్టినరోజులకూ, శ్రీమంతాలకూ పిలిస్తే వెళ్ళేది గానీ, షాపుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కొత్తగా పనిలో చేరిన కార్మికులు. బీహారు, ఒడిశా, ఇటు నారాయణఖేడ్ వైపు నుంచీ వచ్చేవాళ్ళు. గేటు పాసుకు ఫోటో కావాలి. అద్దం పక్కన దారంతో కట్టిన దువ్వెన, తెల్ల పరదా, ఒక స్టూలు, ఒక ట్యూబులైటు. అంతే ఆ షాపు.

కెమెరా మామ కొన్న కాలం నాటిది. డిజిటలే, కానీ డిజిటల్ కొత్తగా వచ్చిన రోజుల్లోది. బటన్ నొక్కగానే ఫోటో పడదు. అది దూరం చూసుకోవాలి, వెలుతురు కొలుచుకోవాలి, అప్పుడు గానీ టిక్కుమనదు. ట్యూబులైటు వెలుగులో అయితే ఇంకా ఆలస్యం. దీన్ని షట్టర్ ల్యాగ్ అంటారని నేను చదివి చెప్తే, "నేనైతే గుటక అంట" అంది అత్తమ్మ. "ఉన్నపళాన మింగమంటే ఎట్ల మింగుతదే? గుటకెయ్యాలె గదా."

డిగ్రీ అయ్యాక నేను ఒక మందుల కంపెనీ ల్యాబులో చేరి మానేశాను. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల కంపెనీలో చేరి అదీ మానేశాను. ఇంట్లో నాకు నిలకడ లేదని తేల్చేశారు. అత్తమ్మ మాత్రం ఎందుకు మానేశావని అడగలేదు. "ఖాళీగ ఉంటివి గదా, రా, లైటు వట్టుకో" అంది. అలా మొదలైంది.

నాకు మొదట అప్పగించిన పని ఒక పుట్టినరోజు. ఫ్యాక్టరీ ఉద్యోగాల కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. బాబు కొవ్వొత్తి ఊదాడు, నేను నొక్కాను, కెమెరా గుటక వేసింది, తెరమీద పొగ మాత్రం కనిపించింది. "అయ్యో, ఊదేశాడండీ! మళ్ళీ వెలిగించమంటారా?" అంది వాళ్ళమ్మ. మళ్ళీ వెలిగించారు, మళ్ళీ పొగే. మూడోసారికి పిల్లాడు, "నాకు ఊపిరి అయిపోయింది, కేకు పెట్టండి" అని ఏడుపు అందుకున్నాడు. అత్తమ్మ కెమెరా లాక్కోలేదు. నా చెవి దగ్గరికి వంగింది. "నువ్వు మూతి సూస్తున్నవ్. బుగ్గలు సూడు. బుగ్గలు ఉబ్బంగనే నొక్కాలె."

బుగ్గలు చూశాను. ఫోటో పడింది. ఆ కెమెరాతో పని అంటే అదే. జరిగేదాన్ని కాదు, జరగబోయేదాన్ని చూడాలి. పెళ్ళిలో తాళి ముడి కోసం పెళ్ళికొడుకు చేతుల్ని చూస్తూ కూర్చుంటే ఆలస్యమవుతుంది. గట్టిమేళం అని సైగ చేయడానికి లేచే పంతులు చేతిని చూడాలి, డోలు కర్ర ఎత్తే భుజాన్ని చూడాలి. మనుషులు కదలకుండా ఉన్న చోట, ముందే కాలరు మీద గురిపెట్టి బటన్ సగం నొక్కి పట్టుకుంటే, ఆ గుటకలో సగం ముందే అయిపోతుంది. ఇవన్నీ ఆమె పాఠాల్లా చెప్పలేదు. నేను పొరపాటు చేసిన ప్రతిసారీ ఒకటి, విసుక్కోకుండా.

కానీ షాపులో ఆమె చేసే పని వేరే. అక్కడ ఆ ఆలస్యాన్ని తగ్గించుకునేది కాదు, వాడుకునేది. స్టూలు మీద కూర్చున్న మనిషి కెమెరా చూడగానే బిగుసుకుపోతాడు. మెడ నరాలు లేస్తాయి, కళ్ళు పెద్దవవుతాయి, ఊపిరి ఆగిపోతుంది. అత్తమ్మ బటన్ నొక్కుతూనే, "హో గయా భయ్యా, హో గయా" అనేది. ఇంకా ఫోటో పడలేదు. అయిపోయిందనుకొని ఆ మనిషి ఊపిరి వదిలేవాడు, భుజాలు దిగేవి, ముఖం తన చోటికి తాను వచ్చేది. అప్పుడు టిక్కుమనేది.

"అబద్ధం ఆడుతున్నవ్ అత్తమ్మా" అన్నాను ఒకరోజు.

"ఎక్కడి అబద్ధమే, జెర ముందుగాల చెప్తున్న, గంతే."

ఆ రోజే ఒక కుర్రాడు పాసు పట్టుకొని వచ్చాడు. వేరేచోట తీయించుకున్న ఫోటో. గేటు దగ్గర సెక్యూరిటీ అతను పాసు చూసి, ముఖం చూసి, ఇది నువ్వు కాదని రెండుసార్లు వెనక్కి పంపాడట. అత్తమ్మ ఆ ఫోటోను వెలుతురులో పెట్టి చూసింది. "గీనె ఎవరో పోలీసులకు దొరికినోని లెక్క ఉన్నడు. నువ్వు గిట్ల లేవు గదా" అని తెలుగులోనే అంది. ఆ కుర్రాడికి అర్థమైందో లేదో, నవ్వాడు. స్టూలు మీద కూర్చోబెట్టి, హో గయా అంది. తర్వాత నాతో, "గేటు కాడ నిలవడ్డప్పుడు మనిషి ఊపిరి తీస్తనే ఉంటడు బిడ్డా. ఫోటోల ఉన్నోడు గూడ తియ్యాలె గదా" అంది.

కొత్త ఫోన్లలో ఈ బాధ లేదని, అవి మనం నొక్కే ముందు నుంచే ఫోటోలు తీసి దాచుకుంటాయని చెప్పాను. "మనం నొక్కకముందే తీస్తే, ఇగ మనమెందుకే?" అంది. కెమెరా మార్చలేదు.

ఇక నా దగ్గరున్న ఫోటో. మొన్న ఎండాకాలంలో కెమెరా లెన్సు ఇరుక్కుంటే బాగు చేయించి తెచ్చాం. ఎలా పడుతుందో చూద్దాం, నువ్వు కూర్చో అన్నాను. "నాకెందుకే" అంటూనే చెంగు సర్దుకొని కూర్చుంది. అన్నేళ్ళు అందరి ఊపిరీ వదిలించిన మనిషి, తాను స్టూలెక్కగానే కట్టెలా బిగుసుకుంది. నేను, "అయిపోయింది అత్తమ్మా" అన్నాను. పెదవులు కదపకుండా, "నాకా చెప్తున్నవ్? ఇంక పడలే" అంది. టిక్కుమనేదాకా కదల్లేదు. మళ్ళీ తీశాను, మళ్ళీ అంతే. ఆ గుటక ఎంతసేపో ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఆమెను మోసం చేయడం నా వల్ల కాలేదు.

మూడోసారి నేనేమీ అనకుండా నొక్కాను. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర ఎవరో, "దీదీ, ఫోటో హోగా?" అన్నారు. అత్తమ్మ అటు తిరిగింది. స్టూలు మీంచి సగం లేచింది, చెయ్యి దువ్వెన వైపు చాపింది, "ఆవో బేటా, కంఘీ కర్లో" అనబోతూ నోరు తెరిచింది. కెమెరా టిక్కుమంది. అదీ ఆ ఫోటో.

నిన్న సాయంత్రం అది బావకు చూపించాను. చాలాసేపు చూశాడు. "మంచిగనే ఉన్నదే. కాని ఫోటో అంటే మనల్ని సూడాలె గదా. నేను దండం వెడుతుంటే మా అమ్మ అటెటో సూస్తే ఎట్లుంటది చెప్పు?" అన్నాడు. అంతవరకూ అతని మీద నాకు కోపం ఉండేది. ఆ మాటతో పోయింది. అతను అడుగుతున్నది మబ్బుల్ని కాదు, అమ్మ చూపుని.

"బావా, మబ్బుల ఫోటోల అత్తమ్మ మెడ సూడు" అన్నాను. "ఊపిరి బిగవట్టింది. ఇంక ఎన్నేండ్లు గట్లనే ఉంచుదాం?"

చూశాడు. ఆ మబ్బుల ఫోటోను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. వరండాలోంచి నాన్న, "దాని మాటలు వట్టుకోకురా, దానికి దినానికో మాట" అన్నాడు. బావ ఆ ఫోటోను పక్కన బోర్లించి, "నీదే ప్రింటు తీపియ్యి" అన్నాడు నాతో.

ఈ ఉదయం ప్రింటు వచ్చింది. బావ వాళ్ళ ముందు గదిలో, అందరూ పెట్టే ఎదురు గోడ వదిలేసి, పక్క గోడకు మేకు కొట్టాను. అక్కడ పెడితే అత్తమ్మ చూపు నేరుగా గుమ్మం మీద పడుతుంది. దినాలయ్యాక రోజూ బావ డ్యూటీ దిగి వచ్చి, టిఫిను డబ్బా కింద పెట్టి, బూట్లు విప్పడానికి వంగుతాడు. తలెత్తేసరికి అతన్నే చూస్తూ, సగం లేచి, రా, తల దువ్వుకో అనబోతూ ఉంటుంది.

రేపు దండ ఈ ఫోటోకే వేస్తాం. మబ్బులది పెట్టడం లేదు.