బుల్లిరాజు కూర్చున్నాడు

పేరుకే బుల్లిరాజు గానీ మనిషి తాటిచెట్టంత ఉంటాడు. కొల్లేటి అంచున పుట్టి, అరవై దాటినా ఆ పల్లంలోనే నడుస్తున్నవాడు. అక్కడ నేల ఎంత చదునంటే, చెంబుడు నీళ్లు పారబోస్తే అవి ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోతాయి. ఆయన జన్మలో ఎక్కిన ఎత్తల్లా ఏలూరు స్టేషనులో వంతెన ఒక్కటే, అదీ పట్టాలు దాటితే పోలీసులు పట్టుకుంటారన్న భయంతో. అయినా నడక మాటెత్తితే చాలు, "రోజూ గట్ల మీద తిరిగేవాళ్లమండీ, మనకి నడకో లెక్కా?" అనేవాడు.

మోకాళ్ల సంగతి మాత్రం ఎవరితోనూ అనలేదు. సార్వా వరి కోతలప్పుడు చేలో బోదె కాలవ దాటబోయి చతికిలబడితే కూలీలు పరిగెత్తుకొచ్చారు. "ఏం లేదురా, చేను ఎంత ఆరిందో చూద్దామని కూర్చున్నాను" అన్నాడు. అందరూ నమ్మినట్టే తలూపారు. భార్య అచ్చాయమ్మ అదీ చెయ్యలేదు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని చేలోకి వచ్చేది ఆవిడే. ఆయన గట్టు మీద కూర్చుని తింటుంటే పక్కన నిలబడి వడ్డించేదీ, లేచేటప్పుడు ఆయన "రామా" అనడం వినేదీ ఆవిడే.

"వచ్చే దాళ్వా పంటకి చేను కౌలుకిచ్చేద్దామండీ" అని పోరు మొదలుపెట్టింది. బుల్లిరాజుకి ప్రాణం మీదికొచ్చింది. చేను లేకపోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో ఆయనకి తెలీదు.

ఇంతలో కూతురు తేజస్వి మామగారు వెంకట్రాజు కామవరపుకోట నుంచి ఫోన్ చేశాడు. తమ వైపు కొండ మీద పార్కు పెట్టారనీ, పైదాకా నడకదారి వేశారనీ, ఆదివారం తప్పకుండా రావాలనీ.

ఫోన్ పెట్టగానే అచ్చాయమ్మ అంది, "ఏవండీ, ఆ కొండ పైదాకా ఎక్కడా కూర్చోకుండా ఎక్కండి, మళ్లీ కౌలు ఊసెత్తను. కూర్చున్నారో, చేను ఇచ్చెయ్యాలి."

"సరే, ఇచ్చాను మాట" అన్నాడు బుల్లిరాజు. కొండంటే ఎలా ఉంటుందో అప్పటికి ఆయనకి తెలీదు.

ఆదివారం పార్కు గేటు దగ్గర టిక్కెట్లిచ్చే అమ్మాయి "తేలిక దారేనండీ, బడిపిల్లలు కూడా ఎక్కేస్తారు" అంది. బుల్లిరాజు మీసం సవరించుకున్నాడు. తేజస్వీ, మొగుడూ ఫొటోలు తీసుకుంటూ ముందెళ్లిపోయారు. రాళ్లు పరిచిన దారి, అటూ ఇటూ టేకు చెట్లు, మలుపు మలుపుకీ ఓ సిమెంటు బల్ల. ఆ బల్లలే కొంప ముంచాయి.

మొదటి మలుపులో వెంకట్రాజు ఆగి, బల్ల మీద ఆకులు తువ్వాలుతో దులిపి, "కూర్చోండి బావగారూ" అన్నాడు.

"నాకేం అలుపు లేదండీ. మీరు కూర్చోండి."

"ఎంతమాట. మీరు నిలబడి ఉండగా నేనెలా కూర్చుంటానండీ?"

వియ్యంకులిద్దరూ బల్లకి చెరోవైపు నిలబడి, ఎండ గురించీ వానల గురించీ మాట్లాడుకుని, మళ్లీ బయల్దేరారు. రెండో మలుపులోనూ అదే వరస.

మూడో మలుపు రాకముందే బుల్లిరాజు మోకాళ్లు మొరాయించాయి. చేలో అయితే ఆయనకో ఉపాయం ఉంది. అలుపొస్తే వంగి వరి వెన్ను పట్టుకుని చూస్తాడు, చూసేవాళ్లకి పురుగు వెతుకుతున్నట్టుంటుంది. ఇక్కడ వరి లేదు. అందుకని ఓ టేకాకు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"తెగులేమైనా ఉందాండీ?" అన్నాడు వెంకట్రాజు ఆశగా.

"ఉన్నట్టే ఉందండీ."

ఇద్దరూ ఆ ఆకుని చాలాసేపు చూశారు. తరవాత వెంకట్రాజుకి ఇంకో చెట్టు మీద అనుమానం వచ్చింది. అక్కణ్ణించి ఆ కొండ మీద తెగులు లేని చెట్టంటూ మిగల్లేదు. పులిహోర క్యారేజీతో వెనకాల వస్తున్న అచ్చాయమ్మ అంతా చూస్తూనే ఉంది.

ఆఖరి మలుపులో వెంకట్రాజు మళ్లీ బల్ల దులిపాడు. చొక్కా తడిసిపోయింది, మొహం పాలిపోయింది. మెట్ట ప్రాంతపు మనిషి కదా, కొండలన్నీ ఈయన చుట్టాలే అనుకున్నాడు బుల్లిరాజు ఇంతసేపూ. జీడిమామిడి తోటకి కూడా ఈయన మోటారు సైకిలు మీదే వెళ్తాడన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

"కూర్చోండి బావగారూ" అన్నాడు వెంకట్రాజు. ఈసారి అది మర్యాదలా లేదు, బతిమాలుతున్నట్టుంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాలుగడుగులేస్తే పైన మంటపం, చేను తనది. ఇటు చూస్తే, తను కూర్చోందే ప్రాణం పోయినా కూర్చోని మనిషి. దాళ్వా నారుమళ్లు తలుచుకుంటే బుల్లిరాజుకి ఏడుపొచ్చినంత పనైంది.

"మీరింతగా అంటుంటే కాదనలేనండీ" అని కూర్చున్నాడు.

పక్కనే వెంకట్రాజు ధాన్యం బస్తా దింపినట్టు కూలబడ్డాడు. "బతికించారు బావగారూ. మొదటి బల్ల నుంచీ మీరెప్పుడు కూర్చుంటారా అని చూస్తున్నానండీ."

అచ్చాయమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. "కూర్చున్నారు" అంది.

"కూర్చున్నాను."

"కొండ ఎంత ఆరిందో చూద్దామనా?"

బావగారి కోసం కూర్చున్నానని చెప్పుకోవచ్చు. అబద్ధమూ కాదు. కానీ ఆవిడ మొహం చూశాక ఆ మాట రాలేదు. "కాదు. మోకాళ్లు పోయాయే" అన్నాడు బుల్లిరాజు.

ఆవిడ క్యారేజీ విప్పి ఇద్దరికీ పులిహోర పెట్టింది. చేలో నిలబడ్డట్టే పక్కన నిలబడింది. "కాలవ అవతలి చేను కౌలుకిద్దాం. ఇవతలి ముక్క మీరే చేసుకోండి. గట్టు మీద ఇలాంటి బల్లొకటి వేయిస్తాను" అంది.

బుల్లిరాజు వెంకట్రాజు వైపు జరిగి, పక్కన ఖాళీని అరచేత్తో తుడిచాడు. "పొడుగ్గా వేయించు. ఇప్పుడు కూర్చో."

"నాకేం అలుపు లేదండీ."

"చెల్లెమ్మగారు నిలబడి ఉండగా మేమెలా తింటామండీ" అని వెంకట్రాజు లేవబోయాడు.

ఆ మనిషి మళ్లీ లేస్తే ఎక్కడ పడిపోతాడోనని అచ్చాయమ్మ గబుక్కున కూర్చుంది. కూర్చుంటూ "రామా" అంది.

బుల్లిరాజు తినడం ఆపి ఆవిడ మోకాళ్ల వైపు చూశాడు.