అప్ప తెల్లబడింది

మా ఇంట్లో దానికి పేరు లేదు. "బయటున్నాది" అనేవారు, అంతే. అక్కని మా వేపు అప్ప అంటాం. మా అప్ప నెలకోసారి బయటుండేది. బయటంటే పెరట్లో పశువుల సాల. ఒక పక్క ఎడ్లు, ఒక పక్క గోగునార కట్టలు, మధ్యలో తాటాకు చాప మీద మా అప్ప. ఎడ్లకైనా వీపు నిమిరేవాళ్ళుండేవారు.

అరవైలు చివరికొస్తున్న రోజులు. చీపురుపల్లికి బండి కట్టుకుని పోయేంత దూరంలో మా ఊరు. నేనింకా ఈడేరని గుంటని కాబట్టి అప్పకి కంచం పట్టుకెళ్ళే పని నాదే. సాల గుమ్మంలో కంచం పెట్టి వెనక్కి జరగాలి. నేను జరిగాక అప్ప వచ్చి లాక్కోవాలి. అందులో ఏముండేదనుకున్నారు? చల్లన్నం, ఉప్పు, ఓ ఉల్లిపాయ. బయటున్నదానికి కూరలు పెడితే వేడి చేస్తుందని మా మామ్మ తీర్పు. మా అయ్యని కన్న తల్లి ఆవిడ, ఇంట్లో ఆవిడ మాటే మాట. అప్ప ఈడేరిన రోజున నువ్వులూ బెల్లం కలిపి బుట్టెడు చిమ్మిలి దంచి, ఊరంతా పంచి, దాని నోట్లో కూరి కూరి పెట్టింది కూడా ఆవిడే. ఆ ముచ్చట తీరిపోయాక ఇంక నెలనెలా ఉల్లిపాయ. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

మొదట్లో అప్ప భలే అల్లరి చేసేది. "ఒసే, ముట్టుకుంటాను సూడు" అని చేతులు చాచుకుని గుమ్మం దాకా వచ్చేది. "ఓలమ్మో" అని కేకలు పెడుతూ నేను పరుగు లంకించుకునేదాన్ని. మామ్మ ఇద్దర్నీ కలిపి తిట్టేది. ఆ ఏడు ఎండలు ముదిరేసరికి అప్ప ఆ ఆట మానేసింది. కంచం పెడితే కూర్చున్న చోటి నుంచే చూసేది. మంచిగా ఉన్న రోజుల్లో కూడా పొలం గట్టెక్కితే ఆయాసం. నూతిలో చేద లాగితే కళ్ళు తిరిగి అక్కడే కూలబడేది. గోడ పెళ్ళలు గిల్లుకుని తినేది. చినుకు పడి మట్టి వాసనొస్తే నోరూరుతున్నాదే అనేది. ఓసారి నా చెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకుని, "ఎలా కొట్టుకుంటన్నాదో సూడు" అంది. దబదబా కొట్టుకుంటోంది. నాకు నవ్వొచ్చింది. అదీ నవ్వింది.

చెప్పుకోలేదని మాత్రం ఎవరూ అనడానికి లేదు. అమ్మతో చెప్పింది, నేను విన్నాను. "అమ్మా, నాకు శానా అవుతున్నాదే. గుడ్డలు సాలట్లేదు. ఆగట్లేదే." అమ్మ భయపడి మామ్మనడిగింది. మామ్మ బియ్యం చెరుగుతోంది, తల కూడా ఎత్తలేదు. "సెడ్డ రక్తమే అది. పోనీ. ఎంత పోతే అంత మంచిది. ఒంట్లో ఉండిపోతేనే ముప్పు" అంది. అమ్మ ప్రాణం కుదుటపడింది. పాపం, అమ్మకి మాత్రం అంతకంటే ఏం తెలుసు? ఆవిణ్ణీ అలాగే చెప్పి పెంచారు.

అసలు ఘోరం ఇంకోటుంది. మా అప్ప చామనచాయకి ఓ పిసరు తక్కువ. ఆ నలుపు గురించి ఇంట్లో ఎన్ని మాటలనేవారో! అలాంటిది ఆ వేసవిలో అప్ప తెల్లబడింది. చెంపలు, పెదవులు, ఆఖరికి గోళ్ళు. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. మురిసిపోయారండీ! మా మేనత్త వచ్చి అప్ప గడ్డం పట్టుకుని, "ఓలమ్మ, ఏటి రాస్తన్నారే గుంటకి? పాలలాగ తేలిపోనాది. ఇప్పుడైతే మావోడికి సేసుకోడానికి నాకే అడ్డూ నేదు" అంది. మామ్మ గొప్పగా, "సెడ్డ రక్తం పోతున్నాది కదా, అందుకే రంగు తేల్తన్నాది" అంది.

ఆ బావంటే అప్పకి చిన్నప్పటి నుంచీ ఇష్టం. అత్త ఆ మాట అన్నాక అప్ప ఇంక ఒంట్లో బాగులేదని ఎవరితోనూ అనలేదు. అద్దం ముందు కూర్చుని పెదవులు చూసుకునేది. "నిజంగా తెల్లగున్నానేటే?" అని నన్నడిగేది. "శానా తెల్లగున్నావప్పా" అనేదాన్ని. ఎంత సంతోషపడేదో పిచ్చిది.

వానలు పడి ఉభాలు మొదలయ్యాయి. వరినాట్లకి ఊరు ఊరంతా మడుల్లోనే ఉంది. అప్ప సాలలో ఉంది. ఆ సాయంత్రం నేను కంచం పెట్టి వెనక్కి జరిగాను, అప్ప రాలేదు. పిలిచాను. "సలేస్తన్నాదే, అమ్మని బేగి పిలూ" అంది. మడి దాకా ఒకటే పరుగు. అమ్మ మోకాళ్ళ దాకా బురదతో నాకంటే ముందే ఇంటికొచ్చి పడింది. వచ్చి, సాల గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు. మామ్మ అప్పటికి పెరట్లోకి రానే లేదు. అమ్మ కాళ్ళే ఆగిపోయాయి. "ఏటే, ఏటైనాదే?" అని అక్కడి నుంచే అడిగింది. అప్ప ముడుచుకుని పడుకునుంది. "సలేస్తన్నాదమ్మా" అంది మళ్ళీ. మాకందరికీ ఉక్కపోతకి చెమటలు కారుతున్నాయి. వానకి తడిసి జొరమొచ్చిందనుకుంది అమ్మ. ఇంట్లోంచి బొంత తెచ్చి గుమ్మంలోంచి విసిరింది. మిరియాల కషాయం కాచి గుమ్మంలో పెట్టి, వెనక్కి జరిగింది.

తెల్లారి పిలిస్తే అప్ప పలకలేదు. అప్పుడు వెళ్ళింది అమ్మ లోపలికి. బండి కట్టి చీపురుపల్లి స్టేషన్‌కి, అక్కడ పాసింజరెక్కి విజయనగరం ఆసుపత్రికి. అప్పని వదలనని ఏడిస్తే నన్నూ తీసుకెళ్ళారు. దారంతా అప్ప అమ్మ ఒళ్ళోనే ఉంది. అమ్మ దాని అరచేతులు రుద్దుతూ ఒకటే మాట: "ఇంత సల్లగున్నాదేటి, ఇంత సల్లగున్నాదేటి."

డాక్టరమ్మ అప్ప కంటి కింద రెప్ప లాగి చూసింది. లోపల ఎరుపన్నది లేదు. ఎన్నాళ్ళ నుంచి ఇలా పోతోందని అడిగింది. అమ్మ దాచకుండా అంతా చెప్పింది. చెడ్డ రక్తం కదా, పోతే మంచిదేనని ఊరుకున్నామని కూడా చెప్పింది. డాక్టరమ్మ కోప్పడలేదు. "చెడ్డదీ మంచిదీ అని రెండుండవమ్మా. ఒంట్లో ఉన్నది ఒకటే రక్తం" అంది. నెలనెలా కొంత పోవడం ఆడదాని ఒంటికి మామూలే, అతిగా పోతే అది జబ్బే, ఆ రోజుల్లో తిండి తగ్గించడం కాదు, ఆకుకూరో గుడ్డో ఎక్కువ పెట్టాలి, మాత్రలుంటాయి, కొంచెం ముందు తీసుకొచ్చుంటే, అని ఆగిపోయింది. రక్తం ఎక్కించాలన్నారు. మా అయ్య చొక్కా చెయ్యి పైకి లాగి, "నాది తియ్యండి, ఉన్నదంతా తీసియ్యండి" అన్నాడు. అయ్యదీ కలవలేదు, అమ్మదీ కలవలేదు. కలిసే రక్తం కోసం విశాఖపట్నం మనిషిని పంపారు. ఆ మనిషి తిరిగి రాకముందే అప్ప పోయింది.

ఇంటికి తెచ్చాక మామ్మ గుండెలు బాదుకుంటూ దిష్టి తగిలిందని ఏడ్చింది. దిష్టట! అమ్మ ఏడవలేదు. చాలా రోజులు సాల వేపు చూసేదే కాదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నేనూ ఈడేరాను. చిమ్మిలి దంచలేదు, పేరంటం పిలవలేదు. మామ్మ సాల ఊడ్చి కొత్త చాప వేసింది. వెళ్ళి కూర్చున్నాను. నేనూ చచ్చిపోతాననే అనుకున్నాను. అమ్మ వంటింట్లోంచి వచ్చింది. గుమ్మం దగ్గర ఆగలేదు. తిన్నగా వచ్చి చాప మీద నా పక్కన కూర్చుని, నా రెండు చేతులూ పట్టుకుంది.

"ముట్టీకే! మైలే!" అని మామ్మ అరిచింది.

అమ్మ అత్తగారికి ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు. "ముట్టుకోకుండా ఒకదాన్ని సంపుకున్నానత్తా" అంది. "ఆ సాయంత్రం దాని సెయ్యి ఒక్కసారి పట్టుకునుంటే, నాకు తెలిసీది."

మామ్మ గడప అవతలే కూలబడిపోయింది. అమ్మ నా చేతులు వదల్లేదు. వెచ్చగా ఉన్నాయా లేదా అని మళ్ళీ మళ్ళీ చూస్తూనే ఉంది.