నలభై ఒక్కరు పోయిన నోట్‌బుక్

ఆ ఏడు మా గదిలో పోయినవాళ్లు నలభై ఒక్కరు. పురుగుమందు సోకిన రైతు ఇరవైమూడుసార్లు, పాము కరిచిన కూలిమనిషి పదకొండుసార్లు, జ్వరం వచ్చిన పిల్ల ఏడుసార్లు. ఎవరింట్లోనూ ఏడుపు లేదు. ముగ్గురూ కంప్యూటర్‌లో ఉండే రోగులు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకి, ఏలూరులో ఒక వైద్య కళాశాలలో కంప్యూటర్ గది చూసుకునేవాణ్ణి. విద్యార్థులు తెర మీది రోగిని ప్రశ్నలడిగి, ఏం చెయ్యాలో, ఏ మందివ్వాలో ఎంచుకోవాలి. ఎంపిక తప్పితే రోగి చనిపోతాడు. నేను చదివింది పదో తరగతే. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. ఎవరు ఎందుకు పోయారో నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. రాయమని ఎవరూ చెప్పలేదు.

ఒకమ్మాయి చేతిలో ఆ రైతు ఆరుసార్లు పోయాడు. ప్రతిసారీ "ఇంకొకటి రాసుకోమంటారా డాక్టరుగారూ?" అనేవాణ్ణి. పక్కవాళ్లు నవ్వేవారు. ఆరోసారి ఆమె కళ్లు తుడుచుకుంది. నాకు సిగ్గేసి నోట్‌బుక్ ఆమె ముందు పెట్టాను.

"ఇంజెక్షన్లు సరిగ్గానే ఇస్తున్నారమ్మా. ఆరింటిలో అయిదుసార్లు పురుగుమందుతో తడిసిన చొక్కా ఒంటిమీదే వదిలేశారు."

ఏడోసారి రైతు బతికాడు.

రెండేళ్ల తర్వాత ఉంగుటూరు నుంచి మా తమ్ముణ్ణి ఆటోలో మా కళాశాల ఆసుపత్రికి తెచ్చారు. నేను క్యాజువాలిటీకి పరుగెత్తేసరికి డ్యూటీలో ఉన్నది ఆ అమ్మాయే, హౌస్ సర్జన్‌గా. తమ్ముడి ఒళ్లంతా చెమట, నోట్లో నురగ.

"ఎండ దెబ్బండీ, మజ్జిగ పట్టించామండీ" అంటోంది మరదలు.

"పొద్దున్న ఏం పని చేశారండీ?" అడిగింది ఆ అమ్మాయి.

"వరికి మందు కొట్టొచ్చారండీ."

ఆమె పెద్ద డాక్టరుగారిని కేకేసి, "ముందీ బట్టలు తీసేయండి" అంది.

"ఇంతమందిలోనా అండీ?"

"కర్టెన్ లాగేశానుగా. తీసేయండి."

మరదలు తటపటాయిస్తుంటే చొక్కా తనే కత్తిరించేసింది. ఒకపక్క ఇంజెక్షన్లు పడుతున్నాయి, ఇంకోపక్క సబ్బునీళ్లతో ఒళ్లు కడిగిస్తోంది. నాలుగో రోజు తమ్ముడు లేచి కూర్చుని ఇడ్లీ అడిగాడు.

నేను ఆమె దగ్గరికెళ్లి, "అప్పట్లో ఎగతాళి చేశాను, తప్పయిందమ్మా" అన్నాను.

"ఒక్కసారే చెప్పారేంటండీ బాబాయిగారూ? మీ నోట్‌బుక్‌లో ఆరున్నాయిగా" అంది నవ్వుతూ.

మిగతావి రోజుకొకటి చెప్తానన్నాను. మర్నాడు వెళ్తే, ఆమె శిక్షణ ముగిసి ఊరెళ్లిపోయిందన్నారు.

తమ్ముడు ఇప్పటికీ వ్యవసాయం చేస్తున్నాడు. మందు కొట్టిన రోజు కాలవగట్టు దగ్గరే బట్టలు మార్చి, ఒళ్లు కడుక్కుని గానీ ఇంటికి రాడు. అది చూసినప్పుడల్లా ఆ అమ్మాయికి, తెర మీద ఇరవైమూడుసార్లు పోయిన ఆ రైతుకి మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను. ఆమెకు చెప్పాల్సినవి మాత్రం ఇంకా అయిదు బాకీ.