బాసింపట్టు

వినుకొండ బస్టాండు వెనక కిరాణా కొట్టు తీసే ముందు, హనుమాయమ్మ కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, కొడుకు పాత కాన్వాసు బూట్లు తొడుక్కుని కాలనీ ఆటస్థలానికి బయల్దేరుతుంది. అరవై దాటిన మనిషి. గల్లాపెట్టె ముందు కూర్చుని కూర్చుని మోకాళ్ళు బిగుసుకుపోయి, పీట మీద అన్నం తినటం ఎప్పుడో మానేసింది. ఆ మోకాళ్ళను మళ్ళీ కదిలించింది వార్డు నాయకుడు మల్లికార్జునరావే. "గేటు పట్టుకుని మెల్లగా వంగక్కా, రోజూ చేస్తే తుప్పు వదులుద్ది" అంటూ పక్కన నిలబడి నేర్పాడు. కబడ్డీ పిల్లల నుంచి కర్రపోటు ముసలాళ్ళ దాకా అందరి కాళ్ళూ అక్కడే సాగేవి. ఎన్నికలప్పుడు ఆ తమ్ముడి కోసం ఆమె వీధి వీధీ తిరిగింది కూడా ఆ కాళ్ళతోనే.

ఆ ఉదయం గేటుకు తాళం ఉంది. లోపల ఫంక్షన్ హాలు కట్టటానికి పునాది ముగ్గు పోసి ఉంది. కబడ్డీ పిల్లలు గేటు బయటే నిలబడి ఉన్నారు. అప్పుడే వచ్చిన మల్లికార్జునరావు కారు దిగకుండానే అద్దం దించాడు.

"హాలు మా బావమరిదిదేలే అక్కా. నువ్వు ఇంట్లో నడిచే మిషను కొనుక్కో."

"మరి ఈ పిల్లకాయలేం కొనుక్కోవాలిరా?"

అతను నవ్వి అద్దం ఎత్తేశాడు. నల్లటి అద్దంలో హనుమాయమ్మకు తన మొహమే కనిపించింది. ఆమె వెళ్ళి కారుకు అడ్డంగా నిలబడి, దేన్నీ పట్టుకోకుండా మెల్లగా వంగి, మట్టిలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అద్దం మళ్ళీ దిగింది.

"లెగు అక్కా, ఏందిది? మోకాళ్ళు పట్టేస్తాయి!"

"పట్టవులేరా," అందామె కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వే గదా బాగుచేసింది."